కవితలో మా ఆయన ఉద్యోగం

“బు, లెంపర్లు వంద చాలవు. ఇంకో యాభై చుట్టు. కవిగారి వెంట కాలేజీ పిల్లలు కూడా వస్తున్నారట,” అన్నాడు మా ఆయన విర్యోనో, గువ్వ పంజరం తుడుస్తూ.

నేను అరిటాకు ముక్కలో జిగురన్నం పరిచి, మధ్యలో కోడిమాంసం పొడి పెట్టి, చుట్టి, చివరలకు వెదురు పుల్లలు గుచ్చుతున్నాను. సుకోహర్జోలో మా బట్టల మిల్లు మూతపడి రెండు నెలలైంది. మా పేటలో పదకొండు మందికి పని పోయింది. ఆ పదకొండు మందినీ పేరుపేరునా తలుచుకుంటూ సోలో నగరం నుంచి సెనో అనే అధ్యాపకుడు కవిత రాశాడు. ఆదివారం పొద్దున పేట సభామందిరంలో చదువుతాడు; సోమవారం అది పుస్తకంగా అచ్చుకు వెళుతుంది. ఈ పేటలో గ్రంథాలయానికి వెళ్ళేది నేనొక్కదాన్నే కనుక, చదివి నాలుగు ముక్కలు మాట్లాడమని పేట పెద్ద ఒక ప్రతి ముందుగానే నాకు పంపాడు.

మంచి కవిత. ఆ మాట అనగలిగినంత కవిత్వం నేను చదివాను. ఎక్కడికీ వెళ్ళనవసరం లేని ఉదయాన కూడా అలవాటుగా తలుపు దగ్గర బూట్లు వెతుక్కునే మనిషి అందులో ఉన్నాడు. ఏడో పంక్తి దగ్గర ఆగిపోయాను. ‘ఇరవై తొమ్మిదేళ్ళు మగ్గాల హోరుకు కుడిచెవిని ధారపోసిన విర్యోనో.’

విర్యోనో బడిలో గుమాస్తాగా చేసి పింఛను పుచ్చుకుంటున్న మనిషి. మిల్లు గేటు ఏ వైపు తెరుచుకుంటుందో ఎరగడు. ఇరవై తొమ్మిదేళ్ళు నావి. చెవి నాది.

ఏం జరిగిందో ఊహించడం కష్టం కాలేదు. ఇక్కడ మగవాళ్ళకు ‘పాక్’, ఆడవాళ్ళకు ‘బు’ అన్నవి మర్యాద పిలుపులు; పెళ్ళయిన ఆడదాన్ని భర్త పేరుతోనే పిలుస్తారు. పేట జాబితాలో నేను ‘బు విర్యోనో’ని, అంటే విర్యోనో గారి భార్యని. పేరు ముందున్న ఆ ‘బు’ కవితకు బరువనిపించి కాబోలు సెనో దాన్ని తీసేశాడు. దానితో నలుగురు ఆడవాళ్ళం నలుగురు మగవాళ్ళమయ్యాం. బు పర్ది భర్త చనిపోయి తొమ్మిదేళ్ళయింది. పాపం, కవితలో ఆయన మొన్న జూలైలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

కాగితం మా ఆయనకు చూపించాను. ఆయన ఏడో పంక్తి రెండుసార్లు చదివి మురిసిపోయాడు.

“కవిత్వమే ఇది, రేషను కార్డా? నా పేరంటే నీ పేరు కాదూ?”

“నా పని మీది కాదు.”

“ఎంత రాద్ధాంతం చేస్తావు, బు! నా బాతిక్ చొక్కా ఇస్త్రీ చేశావా?”

పని పోయిన రోజు సాయంత్రం నుంచి పొరుగింటి గిమాన్ గడపలో మగవాళ్ళు మూడు రోజులు వరసగా కూర్చుని అతన్ని ఓదార్చారు. నేను అదే మిల్లు నుంచి, పనిలోంచి తీసేసిన అదే కాగితంతో ఇంటికి వచ్చాను. “పోనీలే, ఇక హాయిగా ఇంట్లో కూర్చో,” అన్నాడు మా ఆయన. “ఇకనైనా వంట వేళకవుతుంది,” అంది మా అత్త. మగవాడి చేతిలో ఆ కాగితం విపత్తు. నా చేతిలో అది సెలవు చీటీ. ఆ హాయి ఎలాంటిదో చెప్పాలంటే, ఆ రోజు నుంచి నేను ఒక్క పూట కూర్చోలేదు.

ఆదివారం సెనో కవిత చదివాడు. కంఠం బాగుంది. ఏడో పంక్తి రాగానే మా ఆయన కుర్చీలోంచి సగం లేచి, గుండెల మీద చేయి వేసుకుని తల వంచాడు. చప్పట్లు మోగాయి. కాలేజీ అమ్మాయి ఒకతె కళ్ళు తుడుచుకుంటూ అడిగింది: “ఇప్పుడు మీ చెవి ఎలా ఉంది, పాక్?”

“అలవాటైపోయిందమ్మా,” అన్నాడు.

అంతవరకు నేను ఆయన్ను క్షమించడానికే కారణాలు వెతుకుతున్నాను. ఆ మాటతో వెతకడం మానేశాను.

“ఇప్పుడు బు విర్యోనో రెండు ముక్కలు మాట్లాడతారు,” అన్నాడు పేట పెద్ద. “లెంపర్లంత రుచిగా ఉండాలి సుమండీ!” అందరూ నవ్వారు.

నేను లేచి నిలబడ్డాను.

“కవిత బాగుంది, సెనోగారూ. ఏడో పంక్తిలోని మనిషిని ఒక్క ప్రశ్న అడగవచ్చా?”

“తప్పకుండా, బు.”

మా ఆయన వైపు తిరిగాను. “మగ్గం మీద పోగు తెగింది. ముడి వేయడానికి మీ ఏ చేయి ముందు కదులుతుంది?”

ఆయన నవ్వాడు. తన రెండు చేతులూ చూసుకున్నాడు. “కుడిదే కదా... అయినా ఈ పరీక్షలేమిటి, బు? ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం.”

వెనక ఎక్కడో కుర్చీ కిర్రుమంది. సెనో చూపు నన్ను దాటి వంటగది గుమ్మం దగ్గర నిలిచింది. నేనూ తిరిగి చూశాను. టీ గ్లాసులు కడుగుతూ కడుగుతూ వచ్చి నిలబడిన ముగ్గురు ఆడవాళ్ళు. ముగ్గురి ఎడమ చేతులూ, వాళ్ళకే తెలియకుండా, సబ్బు నురగతో గాలిలోకి లేచి ఉన్నాయి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఎవరికీ కనబడని పోగును పట్టుకున్నట్టు.

సెనో జేబులోంచి కలం తీశాడు. కవిత కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“క్షమించండి, బు. అక్కడ ఏమని రాయమంటారు?”

“ముర్తినింగ్సిహ్. అది నా సొంత పేరు. రాశాక గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆ ముగ్గురి పేర్లూ వాళ్ళనే అడగండి. తొందరేం లేదు, మిగిలిన గ్లాసులు విర్యోనో కడుగుతాడు.”