సున్నం బొట్టు కల్వం

నేను ఒక కల్వాన్ని. పడవ ఆకారంలో చెక్కిన నల్లరాయిని. జానెడున్నర పొడవు, నడుమ గుంట. ఆ గుంటలో వేరో ఆకో వేసి, నూరుడు రాయితో ముందుకూ వెనక్కీ తోస్తే అది మందవుతుంది. ఇంతకంటే నా గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఒక్క భయం తప్ప. రాయికి భయమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి. నాలో ఏమేం నూరారో విన్నాక మీరే కాస్త వెనక్కి జరిగి కూర్చుంటారు.

నన్ను చెక్కినవాడు వీరాచారి. లంకమల కొండ కింద ఉన్న మా పల్లెలో రోళ్ళు, తిరగళ్ళు అతనే చేసేవాడు. ఒకే బండను రెండుగా చీల్చి, ఒక ముక్కతో నన్నూ రెండో ముక్కతో నా జోడునూ చెక్కాడు. పొడవు, లోతు, అంచు వంపు, అన్నీ ఒక్కటే. నాటు వైద్యుడు ఓబులయ్య మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చినప్పుడు వీరాచారి మీసం దువ్వుకున్నాడు.

"సూడన్నా, ఏది యేదో కనుక్కో సూద్దాం. చేసినోన్ని, నాకే తెలీడంల్యా!"

చుట్టూ చేరినవాళ్ళంతా ఆహా ఓహో అన్నారు. మనుషులకు జతలంటే భలే సంబరం. జత ఎద్దులైనా, కవల పిల్లలైనా, ఒకేలా ఉంటే చాలు, మురిసిపోతారు. ఒకేలా ఉండటం వల్ల ఎవరి ప్రాణమైనా పోవచ్చని ఆ రోజు అక్కడ ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, అప్పటికి నేను ఒట్టి రాయినే.

ఓబులయ్య ఇంట్లో ఒక కట్టడి ఉండేది. కడుపులోకి పోయే మందు నూరే కల్వం వేరు, ఒంటికి రాసే మందు నూరే కల్వం వేరు. రెండూ ఏనాడూ కలవకూడదు. మమ్మల్ని తెచ్చిన పూటే ఆయన నా జోడు అంచున పసుపు రాసి కుంకుమ పెట్టాడు. నా అంచున మాత్రం సున్నం బొట్టు పెట్టాడు. ఆ తెల్లటి చుక్కతో నా బతుకు ఖరారైపోయింది.

నా జోడు అదృష్టమే అదృష్టం. కామెర్లకు నేల ఉసిరి, దగ్గుకు అడ్డసరం, జ్వరానికి తిప్పతీగ, పసిపిల్లలకు వస కొమ్ము, అన్నీ దానిలోనే నూరేవాడు. తల్లులు దానికి దండం కూడా పెట్టుకునేవారు. నాలో పడేవి ఉమ్మెత్త ఆకులు, గన్నేరు వేరు బెరడు, చర్మాన్ని బొబ్బలెక్కించే చిత్రమూలం. నన్ను ముట్టుకున్నవాళ్ళు వెంటనే మట్టితో చేతులు తోముకునేవారు. మొదట్లో అవమానంగా ఉండేది, కాదనను. తర్వాత అర్థమైంది, ఆ అవమానమే నాకు రక్ష అని. నా దగ్గరికి ఎవరూ రాకపోతే ఎవరికీ ఏమీ కాదు.

వీటన్నిటిలోకీ నన్ను వణికించింది అడవినాభి దుంప. దాని పువ్వును మీరు చూసే ఉంటారు. వానాకాలంలో కంపల మీద ఎర్రగా, పసుపుగా మండుతున్నట్టు పూస్తుంది. కాన్పు కష్టమైనప్పుడు ఆ దుంపను నూరి పొత్తికడుపు మీద పట్టు వేసేవారు. అది ఎంతవరకు పనిచేసేదో నాకు తెలియదు, నేను వైద్యం చదివిన రాయిని కాను. ఓబులయ్య కోడలికి చెబుతుండగా విన్నది మాత్రం మరిచిపోలేదు.

"పైన పూస్తే మందు. లోపలికి పోతే మనిషి దక్కదు. యాది పెట్టుకో తిరుపాలూ."

పైగా రాతికి ఒక జబ్బుంది. పైకి ఎంత నున్నగా కనబడినా, లోపల సూదిమొనంత గుంటలుంటాయి. ఏది నూరినా కొంత అక్కడ దాక్కుంటుంది. నీళ్ళు పోసి కడిగితే పోయిందనుకుంటారు. పోదు. ఒకసారి పక్కింటామె పచ్చడి నూరుకోవడానికి నన్నే ఎత్తుకోబోయింది. ఓబులయ్య అన్నం ముందునుంచి లేచి, ఎంగిలి చేత్తోనే పరుగెత్తి వచ్చి నన్ను లాక్కున్నాడు. ఆమె రెండేళ్ళు ఆయనతో మాట్లాడలేదు. పిసినారి అని ఊరంతా చెప్పింది. మనుషులు ప్రాణం కాపాడినవాణ్ణి ఇలాగే తిడతారు.

ముప్పై ఏళ్ళకు పైగా ఆ సున్నం బొట్టు నన్ను కాచింది. చెరిగినప్పుడల్లా ఆయన మళ్ళీ పెట్టేవాడు. ఒక ఎండాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, సగం మూతి పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. వసారా పక్క గదిలో, తలుపుకు ఎదురుగా మంచం వేశారు. అప్పటినుంచి మందు నూరడం కోడలు తిరుపాలమ్మ పనైంది.

ఆమెను నేను తప్పుపట్టను. చెట్టూ చేమా బాగా తెలిసిన మనిషి, చెయ్యి శుభ్రం, భక్తి ఎక్కువ. ఆ భక్తే కొంపముంచింది. దసరాకు ఆయుధపూజ చేస్తూ, కత్తులు, కొడవళ్ళతోపాటు మమ్మల్నిద్దరినీ చింతపండుతో తోమింది. సున్నం బొట్టు పోయింది. తర్వాత ఇద్దరికీ పసుపు రాసి, ఇద్దరికీ కుంకుమ పెట్టి, గుంటల్లో బియ్యప్పిండితో ముగ్గు గీసింది. ఆమె మొగుడు గుమ్మంలోంచి చూసి, "దానికి సున్నం గదా పెట్టేది?" అన్నాడు.

"పండగ పూట సున్నమేంది, అశుభంగా? రేపు పెడతాలే."

నా అంచున కుంకుమ పడటం అదే మొదలు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒక్క క్షణం ముచ్చటేసింది. మరుక్షణం పక్కనున్న నా జోడును చూశాను. అచ్చం నాలాగే ఉంది. అప్పుడు పుట్టిన వణుకు ఇక తగ్గలేదు.

రేపు వచ్చింది, పోయింది. సున్నం ఎవరికీ గుర్తు రాలేదు.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున్నే సుంకమ్మ రొప్పుతూ వచ్చింది. పుట్టింటికి కాన్పుకొచ్చిన ఆమె కూతురు పుల్లమ్మ ముందురోజు నుంచి నొప్పులు పడుతోంది. నేను గోడ మూల ఉన్నాను కాబట్టి, ఆ చోటును బట్టి తిరుపాలమ్మ నన్ను సరిగ్గానే గుర్తుపట్టి అడవినాభి నూరింది. ముద్దను ఆకులో చుట్టుకుని, నన్ను కడగకుండానే పరుగెత్తింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. నా గుంట అంచుల్లో మిగిలిన తెల్లటి ముద్ద ఎండి పొరలు కట్టింది.

మర్నాడు శుక్రవారం. తిరుపాలమ్మ వసారా అలకడానికి మమ్మల్నిద్దరినీ తీసి వాకిట్లో పెట్టింది. అలికి, ఆరాక మళ్ళీ తెచ్చి పెట్టింది. నా జోడును గోడ మూలన పెట్టింది. నన్ను గడప పక్కన పెట్టింది, నా జోడు ఎప్పుడూ ఉండే చోట. నోరుంటే ఊరంతా వినబడేలా అరిచేవాణ్ణి.

శనివారం పొద్దున సుంకమ్మ మళ్ళీ వచ్చింది, చెంబుతో ఆవుపాలు పట్టుకుని.

"తల్లికి పాలు పడలేదమ్మే. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాంది. పిల్లితేగలు నూరియ్యి తల్లీ, నీకు పున్నెముంటాది."

పిల్లితేగలు మంచి వేర్లు. తెల్లగా, చప్పగా, కొంచెం తియ్యగా ఉంటాయి. పాలలో కలిపి బాలింతకు తాగిస్తారు. తిరుపాలమ్మ వాటిని ఒలిచి, వెలుతురు కోసం నన్ను వసారా అంచుకు లాక్కుంది. నా గుంటలోని తెల్లటి పొరలు చూసి ఒక్క క్షణం ఆగింది.

"దసరా నాటి బియ్యప్పిండి ఇంగా పోలా సూడు," అని నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, అలాగే వేర్లు వేసింది.

నూరుడు రాయి నా మీద కదిలింది. ఎండిన పొర నాని, కరిగి, ఆ వేర్లలో కలిసిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. రెండూ తెలుపే. పచ్చి బాలింత ఇది తాగుతుంది. ఆ పాలు పసిగుడ్డు తాగుతుంది. పగిలిపోవాలనుకున్నాను. మంచి రాయి, పగలదని వీరాచారి గొప్పగా చెప్పిన రాయిని.

ఆ ఇంటి కట్టడి ఇంకొకటుంది. లోపలికి ఇచ్చే మందును నూరినవాళ్ళే ముందు నాలుకకు రాసుకోవాలి. తిరుపాలమ్మకు ఆ రోజు శనివారం ఒక్కపొద్దు, ఎంగిలి పడకూడదు. అందుకని ముద్దను పాలలో కలిపి, గిన్నెను మామ దగ్గరికి తీసుకుపోయింది.

"మామా, నాకు ఒక్కపొద్దు. నువ్వొక సుక్క నాలిక్కి తగిలించు."

వేలితో ఆయన నాలుక మీద రాసింది. ఓబులయ్య కళ్ళు పెద్దవయ్యాయి. ఉమ్మబోయాడు, పడిపోయిన పెదవి ఉమ్మనివ్వలేదు. ఎడమ చెయ్యి ఎత్తి ఒక్క తోపు తోశాడు. గిన్నె ఎగిరి పడింది. పాలన్నీ నేలపాలు.

"అయ్యో అయ్యో! ఆడ బిడ్డ అల్లాడతాంటే ఈడ పాలు పారబోసినాడే!" సుంకమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఏమనుకోవాకత్తా. చెయ్యి వణికింది పాపం. ఇంగా నాలుగు తేగలుండాయి. సెంబులో పాలు కూడా ఉండాయి గదా. సిటికెలో నూరతా."

ఆమె మళ్ళీ నా ముందే కూర్చుంది. మళ్ళీ నాలోనే వేసింది. మొదటిసారి తప్పిపోయిన చావు రెండోసారి తప్పుతుందా? ఈసారి నాలుకకు రాయడానికి కూడా ఆగదని నాకు తెలుసు. సుంకమ్మ తొందర పెడుతోంది.

గదిలో ధబ్బున చప్పుడైంది. ఓబులయ్య మంచం మీంచి పడ్డాడు. ఒక చేత్తో, ఒక మోకాలితో పాక్కుంటూ గడప దాటాడు. నోటివెంట ఊ, ఊ అన్న చప్పుడు తప్ప ఏమీ రావడం లేదు.

"అన్నకు బయిటికి పోవల్లేమో సూడమ్మే," అంది సుంకమ్మ, తమలపాకుకు సున్నం రాసుకుంటూ.

"ఉండు మామా, ఈ నాలుగు సుట్లు తిప్పి వస్తాండా."

ఆయన ఉండలేదు. నా దగ్గరికి వచ్చి, గోడకు వీపు ఆనించి, బాగున్న కాలు నా డొక్కలో పెట్టి తన్నాడు. ఆ కాలిలో అంత బలం ఎక్కడ దాగి ఉందో! వసారా అంచు నుంచి దొర్లి, కింద మెట్టు బండ అంచు మీద పడ్డాను. నడిమికి రెండుగా విరిగిపోయాను.

నొప్పి తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక అంత హాయి ఎప్పుడూ ఎరగను.

తిరుపాలమ్మకు ఏడుపొచ్చింది. "ఏంది మామా ఇది! మందు కల్వం పగలగొట్టినావే!"

ఓబులయ్య సుంకమ్మ పక్కనున్న సున్నం డబ్బీలో వేలు ముంచాడు. మెట్టు మీదికి వంగి, విరిగిన నా ముక్క అంచున తెల్లటి బొట్టు పెట్టాడు. తర్వాత ఆ వేలిని గోడ మూలనున్న నా జోడు వైపు చూపించాడు.

తిరుపాలమ్మ నన్ను చూసింది. నా జోడును చూసింది. తన చేతుల వంక చూసుకుంది. తర్వాత ఆమె పెట్టిన కేకకు వీధిలో పోయేవాళ్ళు ఆగిపోయారు.

ఆ పూటే చేతులు మూడుసార్లు తోముకుని, వేరే వేర్లు తవ్వి తెచ్చి, నా జోడులో నూరి, ఒక్కపొద్దు మాట పక్కనపెట్టి తానే ముందు తాగి, మందు పంపించింది. రెండు రోజులకు పుల్లమ్మకు పాలు పడ్డాయట. ఓబులయ్యకు మాత్రం ఆ సాయంత్రం నుంచే వాంతులు మొదలయ్యాయి. తిరుపాలమ్మ ఎద్దులబండి కట్టించి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది. నాలుగో రోజు ఆయన శవం తిరిగి వచ్చింది. వయసు మీద పడింది, పక్షవాతం మనిషి, మంచం మీంచి పడ్డాడు కూడా అన్నారు ఊళ్ళోవాళ్ళు. కావచ్చు. ఆ ఒక్క చుక్కే ఆయన్ను తీసుకుపోయిందా? ఎవరూ తేల్చి చెప్పలేదు. చెబుతారేమోనని ఇప్పటికీ భయంగానే ఉంది.

నా రెండు ముక్కలనూ తిరుపాలమ్మ పెరట్లో కంచె పక్కన పారేసింది. ఒక ముక్క గుంట మట్టిలోకి తిరిగి పడింది. ఇంకో ముక్క, సున్నం బొట్టు ఉన్నది, ఆకాశం వైపు నోరు తెరిచి పడింది. విరిగాక నాకిక భయం లేదనుకున్నాను. మొదటి వానకే ఆ గుంటలో నీళ్ళు నిలిచాయి. వానకు సున్నం బొట్టు కూడా కరిగిపోయింది. కోళ్ళు వచ్చి తాగేవి. తాగిన ప్రతి కోడినీ అది గూటికి చేరేదాకా చూస్తూ ఉండేవాణ్ణి.

మరుసటి సంవత్సరం వానాకాలంలో పుల్లమ్మ దగ్గు మందు కోసం వచ్చింది. వెంట కూతురు. అప్పుడే అడుగులు నేర్చింది, బుగ్గలు ఉబ్బుగా, కాలికి మువ్వలు. వాళ్ళు వసారాలో మాటల్లో ఉండగా ఆ పిల్ల తప్పటడుగులు వేసుకుంటూ పెరట్లోకి, సూటిగా నా దగ్గరికి వచ్చింది. చతికిలబడి కూర్చుంది. నా గుంటలో అరచేయి పెట్టి నీళ్ళను టపటపా కొట్టింది. నవ్వింది. ఆ తడి చెయ్యిని నోటి వైపు తీసుకుపోయింది.

ఎన్ని వానలు నన్ను కడిగాయో నాకు తెలుసు. నా గుంటల్లో ఇంకా ఏం దాగి ఉందో మాత్రం నాకు తెలియదు.

తిరుపాలమ్మ ఎప్పుడు చూసిందో, ఎలా వచ్చిందో! కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా వచ్చి పిల్లను గుంజుకుంది. ఆ చిన్న చేతిని కొంగుతో తుడిచింది, మళ్ళీ తుడిచింది, ఎర్రబడేదాకా తుడిచింది. పిల్ల గుక్కపట్టింది. వెనకాలే వచ్చిన పుల్లమ్మ తెల్లబోయింది.

"వాననీళ్ళే గదా వదినా! బిడ్డ జడుసుకుంది సూడు."

తిరుపాలమ్మ పిల్లను తల్లికి అందించి, కాలితో నన్ను బోర్లా తిప్పింది. నా మీద కూర్చుంది. నా కింద చీకటి, తడి మట్టి. ఇక నాలో ఏమీ నిలవదు.

పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది. గట్టిగా, గొంతు చించుకుని, వీధి చివరిదాకా వినబడేలా. ఏడవనీ అనుకున్నాను. ఎంతసేపైనా ఏడవనీ.