మాత్ర దాచిన జ్వరం

దర్జీ అక్కకు ఒళ్లు మండిపోతోంది. నిజానికి మండాల్సింది తమ్ముడి ఒళ్లు. అదేమో చల్లగా ఉంది.

"సిగరెట్లు కాలుస్తాడా?" ఎమర్జెన్సీ వార్డు కుర్ర డాక్టరు ఈసీజీ కాగితం మీంచి తలెత్తలేదు.

"లేదండీ. ఇరవై రోజులుగా జ్వరం..."

"మందు?"

"తాగడు. జ్వరమండీ..."

"షుగరు, బీపీ?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. తమ్ముడికి ముప్ఫై రెండేళ్లు. నిచ్చెనెక్కి గోడలకు రంగులేసే మనిషి. పుచ్చిన పన్ను పీకించుకున్న వారానికి జ్వరం పట్టుకుంది. మూడు క్లినిక్కులు తిరిగారు. ప్రతిచోటా థర్మామీటర్ పెట్టడం, "జ్వరమే లేదే!" అనడం, బలానికి టానిక్కు రాయడం. ఈ ఉదయం ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. గుండెపోటట. ఇక్కడ నర్సు చూసినా తొంభై ఎనిమిదిన్నరే.

"రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తాం. సంతకం పెట్టండి."

"ముందు జ్వరం సంగతి రాయండి, పెడతాను."

"ఒక్కో నిమిషం ఆలస్యమైతే గుండె కండరం చచ్చిపోతుందమ్మా! లేని జ్వరం ఎక్కణ్ణుంచి తెచ్చి రాయను?"

ఏం చేస్తుంది? పెన్ను అందుకుంది. తమ్ముడు ఆమె చెయ్యి లాగాడు. "అక్కా, మళ్లీ చలేస్తోంది. పొద్దున ఇచ్చావే, ఆ మాత్ర ఇంకోటి ఇవ్వు."

సంచిలోకి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కొలతలకు స్వెట్టరుతో వచ్చేవాళ్లను ఆమె ఊరికే వదలదు. "విప్పండి ముందు! కొలత తప్పితే మళ్లీ నన్నే అంటారు" అని కసురుతుంది. మరి తను చేసిందేమిటి? క్యూలో కూర్చోలేడని మూడుసార్లూ బయల్దేరే ముందు మాత్ర వేసింది. ఈరోజు కూడా తెల్లవారగానే వేసింది. జ్వరాన్ని తన చేత్తోనే దాచేసి, డాక్టర్లకు కళ్లు లేవని తిట్టుకుంది.

"ఇవ్వను," అంది.

"చచ్చిపోతున్నానే అక్కా!"

"వణుకు. ఒళ్లు కాలనివ్వు." డాక్టరు వైపు తిరిగింది. "పొద్దున జ్వరం మాత్ర నేనే వేశానండీ. ప్రతిసారీ నేనే వేశాను. ఇంకొక్కసారి చూడండి. తర్వాత మీరెక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను."

కుర్ర డాక్టరు విసుగ్గానే స్టెతస్కోపు ఆనించాడు. కాసేపు విన్నాడు. మళ్లీ ఆనించి విన్నాడు. ఈసారి మొహంలో విసుగు లేదు, పెద్ద డాక్టర్ని పిలిచాడు. స్కాన్ మిషను మంచం దగ్గరికే వచ్చింది. గుండె కవాటం మీద ఇన్ఫెక్షన్ పేరుకుని ఉంది, పన్ను పీకినప్పుడు రక్తంలో కలిసిన క్రిముల వల్లే కాబోలు. దాన్నుంచి తెగిన ముక్కే గుండె రక్తనాళానికి అడ్డం పడింది.

"చాలా అరుదు ఇది," అన్నాడు పెద్ద డాక్టరు. "ఆ ఇంజెక్షన్ వద్దు, మెదడులో రక్తస్రావం కావచ్చు. రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి ముక్కను లాగే ప్రయత్నం చేస్తాం."

నర్సు థర్మామీటర్ తీసింది. నూట మూడు.

"రాయండి," అంది అక్క. "ఇరవై రోజుల కిందటే ఈ అంకె కనపడి ఉంటే?"

పెద్ద డాక్టరు ఆ అంకెను కేసు కాగితం మీద రాశాడు. మంచం కదిలింది.

"ఇప్పుడైనా ఇస్తావా?" అన్నాడు తమ్ముడు, పళ్లు టకటకలాడుతుంటే.

అక్క సంచిలోంచి మాత్రల అట్ట తీసి నర్సు చేతిలో పెట్టింది. "మీరే ఉంచుకోండి. నేనడిగినా ఇవ్వొద్దు."