అన్న సంచిలో ఉండిపోయిన జవాబు

పన్నెండోనాడు ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారంటే: పొయ్యి దగ్గర తల్లి గౌరి, అరుగు మీద స్తంభానికి ఆనుకుని మామ్మ సూర్యకాంతమ్మ, గుండు మీద తువ్వాలు కప్పుకుని పెరట్లో కూర్చున్న తండ్రి కన్నయ్య, పనులన్నీ నెత్తిన వేసుకుని తిరుగుతున్న మేనమామ జగన్, దానం పట్టడానికి పక్క ఊరి నుంచి వచ్చిన దాసరి రాముడు, తలుపు వెనకాల చెల్లెలు రోజారమణి. చుట్టాలు ఇంకో ఇరవైమంది ఉన్నారు గానీ వాళ్ళు భోజనాల దాకానే. ఉండవలసినవాడు మాత్రం లేడు. వీళ్ళంతా కూడింది అతని కోసమే.

పృథ్వికి ఇరవై నాలుగేళ్ళు. దామంజోడిలో ఒక కాంట్రాక్టరు దగ్గర పైపుల డ్రాయింగులు గీసేవాడు. సరిగ్గా రెండు వారాల కిందటి శనివారం జ్వరంతో గుణుపురం బస్సు దిగాడు. మంగళవారం రాయగడ ఆసుపత్రిలో పోయాడు. మెదడుకెక్కిన మలేరియా అన్నారు.

అతను ప్రతి శనివారం ఇంటికి వచ్చేటప్పుడు భుజాన ఒక సంచి ఉండేది. అందులో అరచేయంత వెడల్పు, నాలుగువేళ్ళ ఎత్తు ఉన్న నల్లటి పెట్టె ఒకటి. కిందటేడు దాన్ని మొదటిసారి బయటికి తీసినప్పుడు జగన్ ఇక్కడే ఉన్నాడు.

"ఇదేటిరా, మీ మామ్మకి ఆకులూ వక్కలూ ఎట్టుకునే పెట్టా?" అన్నాడు.

"కంప్యూటర్ మావా."

"ఏటీ, ఇదా? మరి బొమ్మ ఎక్కడ అవుపడతాది? మూత తీసి సూడాలా?"

పృథ్వి నవ్వి, గోడకున్న పాత టీవీకి తీగ తగిలించాడు. తెర వెలిగింది. జగన్ లేచి వెళ్ళి ఆ టీవీ నెత్తిన ఒక్క చరుపు చరిచాడు. "అద్గదీ! కంప్యూటరంటే ఇదీ!"

"మావా, ఆ టీవీ ఉట్టి మొగమే. బుర్ర ఇందులో ఉన్నాది. దామంజోడిలో ముగ్గురం ఒకే గదిలో పడుకుంతాం, కాళ్ళు సాపుకోడానికే సోటు లేదు. పెద్ద పెట్టె ఎక్కడెట్టను? సిన్నదే గానీ మా ఆఫీసులో ఉన్న దున్నపోతు కన్నా బేగి గీస్తాది."

ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో టీవీ పేరు కంప్యూటర్ అయింది. పెట్టెకు మాత్రం పేరు లేదు. అది పృథ్వి సంచిలో వచ్చేది, సంచిలో పోయేది.

దాని సంగతి తెలిసిన మనిషి రోజారమణి ఒక్కతే. ఊరు ఒడిశాలో ఉంది గనక ఆమె చదివింది ఒడియా బడి. తెలుగు అక్షరాలు అన్న దగ్గర నేర్చుకుంది. నలుగురిలో నోరు పెగలని పిల్ల. అన్నతో కూడా ఎదురుగా నిలబడి పట్టుమని పది మాటలు చెప్పలేదు. అందుకని అతను పెట్టెలో ఆమె కోసం ఒక చోటు చేసి, ఇంట్లో ఆమెను పిలిచే 'అమ్మి' అన్న పేరే దానికి పెట్టాడు. ఆదివారం పూట ఆమె అందులో తన డైరీ రాసేది. అతను దాన్ని మోసుకుపోయి, వారంలో ఎప్పుడో దామంజోడి గదిలో చదివి, కింద జవాబు రాసేవాడు. వచ్చే శనివారం ఆమె చదువుకునేది.

ఒకసారి ఆమె రాసింది: 'లెక్కల మాష్టారు లేపారు. జవాబు తెలుసు. చెప్పలేకపోయాను. గంట కొట్టేదాకా నిలబెట్టారు.'

కింద అతను రాశాడు: 'మంచిదే. నిలబడ్డం వచ్చింది. ఇంక చెప్పడం ఒక్కటే మిగిలింది.'

ఆ రోజంతా ఆమె నూతి దగ్గరా, దొడ్లోనూ తనలో తాను నవ్వుకుంటూనే ఉంది. "దీనికేదో గాలి సోకినాది," అంది మామ్మ.

ఆఖరు ఆదివారం రాసింది మాత్రం నవ్వుకునేది కాదు. 'పదోక్లాసు పాసయ్యాను. రాయగడలో ప్లస్ టూకి సీటొచ్చింది. హాస్టల్లో ఉండాలి. నాన్న నీ ఇష్టం అన్నాడు. నా ఇష్టమేమిటో నాకే తెలియడం లేదు. అన్నం పెట్టమని అడగడానికే నోరు రాని దాన్ని, అక్కడ ఉండగలనా అన్నయ్యా? నువ్వేది రాస్తే అదే చేస్తాను.'

శనివారం అతను వచ్చాడు. సంచి మేకుకు తగిలించి మంచం మీద వాలిపోయాడు. నుదురు కాలిపోతోంది. చెల్లెలు మంచినీళ్ళు ఇస్తే, గ్లాసు అందుకుంటూ అన్నాడు: "అమ్మీ, ఈపాలి సానా రాసేను. కుదురుగా కూకుని సదువుకో."

మంచం టీవీ కిందే ఉంది. తెర వెలిగిస్తే అతని కంటికి గుచ్చుకుంటుందని ఆమె ఆగింది. జ్వరం తగ్గాక చదవవచ్చులే అనుకుంది.

పోయిన రోజున మామ్మ టీవీకి దుప్పటి కప్పించింది. పన్నెండు రోజులూ ఆ ఇంట్లో దాన్ని వెలిగించకూడదు. మేకు మీద సంచి అలాగే ఉంది. రోజారమణి ఆ దారిన వెళ్ళినప్పుడల్లా దాన్ని చూసేది. ముట్టుకోలేదు. పన్నెండు రోజులేగా, అని ఓపిక పట్టింది.

పన్నెండోనాడు పోయినవాళ్ళు వాడుకున్న సామాను దానం ఇస్తారు. ఇక్కడ ఇచ్చింది అక్కడ వాళ్ళకు అందుతుందని నమ్మకం. మంచం, దుప్పటి, కంచం, గొడుగు, చెప్పులు ఒక్కొక్కటే వాకిట్లోకి వచ్చాయి. జగన్ గదిలోకి వెళ్ళి మేకు మీది సంచి తీశాడు. అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి ఏడుస్తూ దాన్ని వాకిట్లోకి తెచ్చి గౌరి చేతిలో పెట్టాడు.

"ఈ సంచి బుజాన లేకండా ఆడు ఏనాడైనా బస్సెక్కినాడా అక్కా?"

గౌరి సంచిలో చెయ్యి పెట్టి తడిమింది. నల్లటి పెట్టె తగిలింది. "సార్జింగు డబ్బా కాబోలు. ఉండనీ, ఆడిదే కదా," అని సంచిని గుండెలకు హత్తుకుని బావురుమంది. వాకిలంతా ఏడ్చింది.

పెరట్లోంచి కన్నయ్య కేకేశాడు. "ఒరే జగన్, కంప్యూటర్ మాత్రం ఇవ్వకండి! అది అమ్మికి ఉంచండి. సదువుకునే పిల్ల."

"నాకు తెల్దా బావా? దాని జోలికెల్తానా?" అని జగన్ దుప్పటి కప్పిన టీవీని చూపించాడు.

తలుపు వెనక రోజారమణి నోరు తెరిచింది. 'అది కాదు మావా.' మూడే మాటలు. ఇరవైమంది, ఇరవైమందీ ఏడుస్తున్నారు. మూడు మాటలూ గొంతులోకి వచ్చి ఆగాయి. ఈలోగా రాముడు తంబురా మీటి, పోయినవాడి పేరు చెప్పి పాడి, సంచి భుజానికి తగిలించుకున్నాడు. మంచం బండి మీదకు ఎక్కింది. బండి కదిలింది.

చుట్టాలు వెళ్ళాక, పొద్దు వాలుతుండగా గౌరి కూతుర్ని పిలిచి టీవీ మీది దుప్పటి తీసింది. తెర మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "ఇదిగో అమ్మీ, అన్న కంప్యూటర్. ఇంక నీదే."

అప్పుడు ఏడ్చింది రోజారమణి. ఏడుస్తూ ఏడుస్తూ మొత్తం చెప్పింది. అన్న రాసిన జవాబు సంచిలో పోయిందని చెప్పేసరికి గౌరి తల బాదుకుంది.

"అప్పుడెందుకు సెప్పలేదే? నోట్లో ఏటి ఎట్టుకున్నావే?"

కన్నయ్య చొక్కా వేసుకోబోయాడు. సూర్యకాంతమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఎక్కడికిరా? ఇచ్చిన సామాను ఎనక్కి అడుగుతావా? ఆ సంచి ఈపాటికి ఆడికి అందీసుంటాది. ఇప్పుడు లాక్కొస్తే, నా మనవడు అక్కడ ఉట్టి బుజాల్తో నిలబడిపోతాడు."

కన్నయ్య చొక్కా తిరిగి దండెం మీద వేశాడు. 

కాలేజీలో చేరడానికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. రోజారమణి మామ్మ మాటను కాదనుకోలేదు. అన్న ఉత్త భుజాలతో నిలబడడం ఆమెకూ ఇష్టం లేదు. అయితే తాను తెచ్చుకోవడం ఎందుకు? అక్కడే చదివేసి వచ్చేస్తే? రాముడి ఇంట్లో టీవీ ఉంది. తెల్లారాక టీవీ వెనక వేలాడుతున్న తీగ ఊడదీసి, టీవీ పక్కనే ఉండిపోయిన అన్న చిన్న కీబోర్డుతో కలిపి ఓణీలో చుట్టుకుని, వంశధార కాలువ గట్టున మైలు దూరం నడిచింది. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు పైకి అనుకుంటూనే ఉంది.

దానం సామాను నెల తిరిగేదాకా ఇంట్లోకి తేరు. పృథ్వి మంచం రాముడి గొడ్లసాల ముందు నిలబెట్టి ఉంది. మిగతా సామాను లోపల పెట్టి సాలకు తాళం వేశారు. గుమ్మంలో రాముడి కోడలు కుంతి బియ్యం చెరుగుతోంది. బడిలో రోజారమణి కన్నా మూడేళ్ళు పెద్ద. ఇప్పుడు ఏడో నెల.

"ఎవులూ, రోజానా? ఒక్కర్తివే వచ్చేవా?" అంది కుంతి.

"కుంతక్కా, రాముడు తాతతో మాటాడాల."

కుంతి చేట ఆపి నవ్వింది. "ఓలమ్మ! నీకు మాటలొచ్చునా? బడిలో నీ పేరు కూడా నేనే సెప్పీదాన్ని గదే!"

నవ్వు వినిపించి రాముడు లోపలి నుంచి వచ్చాడు. రోజారమణి దారిలో అనుకున్న మాటలన్నీ వరసగా చెప్పింది. ఒక్కటీ తప్పలేదు. "సంచి ఒద్దు తాతా. అది అన్నయ్యదే, మీ కాడే ఉండనీ. లోపల సిన్న పెట్టె ఉన్నాది. మీ టీవీకి ఒక్కపాలి తగిలించి, అన్నయ్య నాకు రాసింది సదువుకుని ఎలిపోతాను. తీగ నేనే తెచ్చుకున్నాను."

ముసలాయన ఆమె చేతిలోని తీగను వేళ్ళతో తడిమి చూశాడు. "ఎంతసేపు పడతాది అమ్మీ?"

"పావుగంట తాతా."

"సదువుకోడమే కదా. ఎనక్కి అడగడం కాదు కదా," అని గొణుక్కుంటూ మొలతాడుకున్న తాళంచెవి విప్పాడు. రోజారమణి సాల వైపు ఒక అడుగు వేసింది.

కుంతి లేచి నిలబడింది. ఆమె ముఖంలో ఇందాకటి నవ్వు లేదు. రెండు చేతులూ కడుపు మీద ఉన్నాయి.

"మావా, టీవీ ఎక్కడున్నాది? నేను పడుకున్న గదిలో. ఆ పెట్టె గుమ్మం దాటి అక్కడికి రావాలా?"

"పావుగంటే కదమ్మా."

"కిందటేడు నిండు నెలల్లో బిడ్డ పోయినాది నాకు. మరిసిపోయేవా?" ఆమె గుమ్మానికి అడ్డంగా జరిగింది. "సచ్చిపోయినోడి మాటలు నా మంచం కాడ ఎలిగిస్తారా?"

రాముడి చేతిలో తాళంచెవి అలాగే ఉండిపోయింది.

"కుంతక్కా," అంది రోజారమణి. ఇంతకు ముందెప్పుడూ ఆమె ఎవర్నీ రెండోసారి అడగలేదు. "గుమ్మం దాటనక్కర్లేదు. టీవీని అరుగు మీదకి నేనే మోసుకొత్తాను. నువ్వు దొడ్లోకి ఎలిపో. నాకు అన్నయ్య ఏటి రాసేడో తెలీదక్కా. అదొక్కటే, ఇంకేటీ అడగను."

"నన్ను పాపం సేసినదాన్ని సెయ్యకే," అంది కుంతి. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. "నీ అన్న మంచోడే. నా పెళ్ళిలో అన్నాలు వడ్డించినాడు. ఆడి మీద నాకేటీ లేదు. ఈ బిడ్డని బతకనియ్యి."

మామగారి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. చేట అరుగు మీదే ఉంది. దానికోసం ఒకసారి వెనక్కి వచ్చింది గానీ రోజారమణి ముఖం చూడలేక దాన్ని అక్కడే వదిలేసింది. రెండు రెక్కలూ దగ్గరకు లాగి తలుపు మూసి, లోపల గడియ పెట్టుకుంది.