ఫోను కింద పళ్ళెం

పొద్దున్నే షాపు తెరవగానే టైలరమ్మ వరసగా మూడు పనులు చేస్తుంది. మిషనుకి నూనె వేస్తుంది, ఇస్త్రీపెట్టెలో నీళ్ళు పోస్తుంది, ఫోను తీసి లోతు పళ్ళెంలో పెడుతుంది. పళ్ళెం ఎందుకంటే, మెసేజీ ఎక్కడినుంచి వస్తే అక్కడి వాతావరణం కూడా దాని వెంట వస్తుంది కాబట్టి. వాన పడుతున్న ఊరినుంచి ఎవరైనా "తిన్నావా?" అని అడిగితే ఫోను మీద నాలుగు చినుకులు రాలతాయి. ఎండలో నిలబడి రాస్తే చదివేవాళ్ళ చెయ్యి చురుక్కుమంటుంది. అందరి ఫోన్లూ అంతే. బస్సుల్లో జనం ఫోను ఒంటికి దూరంగా పట్టుకుని చదువుకుంటారు, నీ వాన నా మీద పడిందంటే నీదే నా మీద పడిందని అప్పుడప్పుడు తగువులు కూడా పడతారు. బట్టలతో పనిచేసేవాళ్ళు కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, అంతకుమించి అందులో చెప్పుకోవాల్సిందేమీ లేదు.

టైలరమ్మ గ్రూపులో ముగ్గురే ముగ్గురు. ఇరవై ఏళ్ళ కిందట హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్ళు. ఒకామె లెక్కల టీచరు, నది ఎగువన ఒక ఊళ్ళో ఉంటుంది. రెండో ఆమె అదే నది దిగువన, కాలువ పక్క వీధిలో టీవీలు బాగుచేసే షాపు నడుపుతుంది. హాస్టల్లో ఆమెని మొండి అని పిలిచేవాళ్ళు, నలభై దాటినా ఆ పేరు పోలేదు, పోయేటట్టు ఆమె ప్రవర్తించనూ లేదు. టైలరమ్మకి పెట్టిన పేరు కంగారు. అదీ పోలేదు.

ముగ్గురి మధ్యా ఒక కట్టుబాటు ఉంది. ఎదుటిమనిషి రాసింది నమ్మాలి, దానితో వచ్చిన గాలిని కాదు. ఒకసారి టీచరు ఒంట్లో బాగాలేదని స్కూలుకి సెలవు పెట్టి, పడుకున్నానని గ్రూపులో రాసింది. మెసేజీతోపాటు సినిమా హాల్లో ఏసీ చల్లదనం జివ్వున వచ్చింది. మిగతా ఇద్దరూ ఏడిపించినందుకు ఆమె నెల్లాళ్ళు మాట్లాడలేదు. అప్పటినుంచీ ఎవరి వాతావరణం జోలికీ ఎవరూ పోకూడదని ఒట్టు పెట్టుకున్నారు.

ఆ ఒట్టు తప్పింది టైలరమ్మే. కిందటి చలికాలం మొండి మెసేజీలోంచి తెల్లగా పొగ వస్తే, షాపు తగలబడిపోతోందనుకుని ఆ ఊరి ఫైరాఫీసుకి ఫోను చేసింది. గంట మోగించుకుంటూ ఫైరింజను ఆ ఇరుకు వీధిలో దూరింది. తీరా చూస్తే అది పొద్దుటి పొగమంచు. వీధి వీధంతా నవ్వింది. మొండి మాత్రం నవ్వలేదు. "ఇంకోసారి నా గాలి చూసి రభస చేశావో, గ్రూపులోంచి పోతాను. మళ్ళీ నీ మొహం చూడను" అని రాసింది. ఆమె అన్నదంటే అన్నట్టే.

ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగిన రోజు మధ్యాహ్నం టైలరమ్మ చేతిలో ఆసుపత్రివాళ్ళ తెల్లకోట్లు పన్నెండు ఉన్నాయి. అత్తగారు గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని గుండీలు కుడుతోంది. టీచరు ఊళ్ళో మూడు రోజులుగా ఒకటే వాన, స్కూలు లేదు. ఇంట్లో కూర్చుని పాత సినిమాలు చూస్తూ మెసేజీలు పెడుతోంది, పెట్టిన ప్రతిసారీ పళ్ళెంలో టపటపమని చినుకులు పడుతున్నాయి.

"ఇంటర్వెల్ తర్వాత హీరో మీసం పెట్టుకొస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదే!"

"మా సీరియల్ అత్తకన్నా నయం" అని మొండి రాసింది. "నలభై రోజులైంది స్పృహ తప్పి. జుట్టు మాత్రం చెదర్లేదు."

"ఆవిడకి స్పృహ తప్పలేదే తల్లీ, అలిగి పడుకుంది. కాస్త సౌండు పెట్టుకుని చూడు."

"తొమ్మిది టీవీలకి సౌండు పెడితే నాకు తప్పుతుంది స్పృహ."

మొండి షాపులో ఎప్పుడూ తొమ్మిదో పదో టీవీలు మాటల్లేకుండా ఆడుతుంటాయి. బొమ్మలు చూసి కథ తనే అల్లుకుంటుంది. ఆమె చెప్పే కథలు అసలు కథలకన్నా బాగుంటాయని టైలరమ్మ అభిప్రాయం.

"ఎండ పేలిపోతోంది ఇక్కడ" అని మొండి మళ్ళీ రాసింది. "పొద్దున్నే రబ్బరు చెప్పులు తెగిపోయాయి. వట్టికాళ్ళతో ఉన్నా. గచ్చు మాత్రం ఎందుకో చల్లగా, హాయిగా ఉంది."

టైలరమ్మ నవ్వుకుంటూ జవాబు రాద్దామని ఫోను ఎత్తింది. వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. దానితోపాటే ఫోను అడుగునుంచి ఒక నీటిబొట్టు జారి ఒళ్ళో ఉన్న కోటు కాలరు మీద పడింది.

"అయ్యో, తెల్లబట్ట!" అంది అత్తగారు.

"వాన నీళ్ళే కదండీ అత్తయ్యా, ఆరిపోతుంది."

ఆరింది. కానీ ఆరినచోట గోధుమరంగు వలయం ఒకటి మిగిలింది. టైలరమ్మ గోటితో గీకి చూసింది. గోట్లోకి మెత్తటి ఒండ్రు వచ్చింది. వాసన చూస్తే నాచు వాసన. వాన నీటికి మరక ఉండదు, ఇన్నేళ్ళ పనిలో ఆ మాత్రం తెలియకుండా పోదు.

పళ్ళెం తుడిచి, ఫోను తుడిచి, కళ్ళప్పగించి కూర్చుంది. టీచరు మెసేజీ వచ్చింది. చినుకులు పైనుంచి పడ్డాయి, తేటగా ఉన్నాయి. మళ్ళీ తుడిచింది. మొండి మెసేజీ వచ్చింది. పైనుంచి ఏమీ పడలేదు. ఫోను అడుగంచు నుంచి బురదనీరు మెల్లగా ఊరింది.

కట్టుబాటుని పక్కన పెట్టి అడిగేసింది. "మొండీ, మీ షాపులోకి నీళ్ళేమైనా వచ్చాయా?"

"మొదలెట్టావా?" అని జవాబు. "ఇక్కడ చినుకు లేదు. నాకు నీళ్ళెక్కడివి?"

"నీ మెసేజీలో కాలువ నీళ్ళు వస్తున్నాయే."

టీచరు మధ్యలో కలగజేసుకుంది. "అవి నా వాన నీళ్ళే అయ్యుంటాయి. పొద్దున్నుంచీ నీ పళ్ళెం నింపుతున్నాను కదా. ఊరుకో."

టైలరమ్మ ఫోను చేసింది. రెండు సార్లు మోగి ఆగిపోయింది. "చేతులు రెండూ టీవీలో ఉన్నాయి, ఫోన్లు చెయ్యకు" అని మెసేజీ వచ్చింది. దానివెంట మళ్ళీ ఊట.

"ఒక్కసారి లేచి వెనకగదిలోకి చూడవే, నీకు పుణ్యముంటుంది."

"నాలుగింటికి టీ పెట్టుకోడానికి వెళ్తానుగా, అప్పుడు చూస్తా. నీళ్ళుంటే వాటితోనే టీ కాస్తా."

అప్పుడు టైలరమ్మకి నిజంగా భయం వేసింది. పోయిన ఏడాది ఆ షాపుకి వెళ్ళినప్పుడు చూసిన వెనకగది కళ్ళ ముందుకొచ్చింది. తలుపు తీస్తే మూడు మెట్లు దిగాలి. కాలువ వైపు గోడ. కింద గచ్చు మీద కరెంటు బోర్డు, దానికి తగిలించి టీ కెటిల్. "ఆ బోర్డు గోడకి పెట్టించుకోవే" అంటే, "రేపు" అంది మొండి. ఆ రేపు వచ్చినట్టు ఎక్కడా రాయలేదు. ఇప్పుడు కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

గోడ గడియారం నాలుగుకి ఇరవై నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఫైరాఫీసుకి చేసింది. ఎత్తినవాడు పేరు వినగానే "ఓ, పొగమంచు మేడమా!" అన్నాడు. "బళ్ళన్నీ వంతెన దగ్గరికి పోయాయండీ, నది పెరుగుతోంది. ఎండగా ఉన్న వీధిలో నీళ్ళేమిటి మీకు? సరే, రాసుకుంటాను." ఎంత శ్రద్ధగా రాసుకున్నాడో అతని గొంతులోనే తెలిసిపోయింది. ఆ పక్క షాపుల నంబర్లు ఆమె దగ్గర ఒక్కటీ లేవు.

"నది పెరుగుతోందట అత్తయ్యా. ఎగువన పడ్డ టీచరు వాన మొండి కాలువలోకి వచ్చింది. చెప్తే వినదు. నన్ను చూసి నవ్వుతుంది."

అత్తగారు దారం పళ్ళతో కొరికి తెంపింది. "మాటతో వినకపోతే ఇంకెలా వింటుందో చూడు మరి."

ఆ మాటకి టైలరమ్మ ఇస్త్రీపెట్టె వైపు చూసింది. అది పక్కన ఉస్సుమంటూ ఆవిరి వదులుతోంది. మొండికి భరించలేనిది ఒక్కటే, తడిగాలి. షాపులో టీవీలన్నీ వెనక మూతలు తీసి ఉంటాయి. చెమ్మ తగిలిందంటే ముందు పరిగెత్తుకెళ్ళి మెయిన్ స్విచ్చి ఆపేస్తుంది, ఆ తర్వాతే తిట్లు మొదలుపెడుతుంది. మెయిన్ ఉన్నది ముందు షట్టరు పక్కన, ఎత్తుగా, పొడిచోట.

మెసేజీ వెంట ఈ ఆవిరి పంపితే పని జరుగుతుంది. కానీ తొమ్మిది టీవీలు, తొమ్మిదీ ఎవరివో. వెనకగది పొడిగా ఉంటే? ఈ మరక నిజంగా పళ్ళెంలో పాత మురికైతే? ఒక పొగమంచుకే అంత మాట అన్న మనిషి ఇంక జన్మలో క్షమించదు. ఇరవై ఏళ్ళ స్నేహం తన చేత్తో తనే తెంపుకున్నట్టవుతుంది. టైలరమ్మ పెట్టె పిడి పట్టుకుని వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ వదిలేసింది.

నాలుగుకి ఎనిమిది నిమిషాల ముందు మెసేజీ వచ్చింది. "ఒక టీవీ పూర్తయింది. తల పగిలిపోతోంది, లేస్తున్నా. టీ తాగొచ్చి మీ సంగతి చూస్తా."

"అత్తయ్యా, పెట్టె పట్టుకోండి!"

ఇద్దరూ ఒక దుప్పటి కిందకి దూరారు. అత్తగారు మీట నొక్కిపట్టి ఆవిరి వదులుతోంది. ఆ ఆవిరిలో మొహం పెట్టి టైలరమ్మ ఏది తోస్తే అది రాసి పంపుతోంది. మెసేజీ వెళితేనే కదా ఆవిరి వెళ్ళేది. హీరో మీసం. అత్త జుట్టు. ఆగు. ఆగవే. మీసం మీసం మీసం. ఇవాళ ఎండ. రేపు వాన. కళ్ళు మండుతున్నాయి, అక్షరాలు కనపడటం లేదు, బుగ్గ మీద చర్మం కాలుతోంది. ఇరవై పంపింది, ముప్పై పంపింది. పెట్టెలో నీళ్ళు అయిపోయి బుస్సుమని ఆగిపోయేదాకా పంపింది.

దుప్పటి తీసేసరికి జవాబు వచ్చి ఉంది. దానితో వేడిగాలి, వీధి దుమ్ము కూడా వచ్చాయి. మొండి బయటికొచ్చి నిలబడి రాస్తోందన్నమాట.

"ఏం చేశావే నువ్వు! షాపంతా ఆవిరి. మెయిన్ ఆపేశా. తొమ్మిదింటికి తొమ్మిదీ చెమ్మపట్టాయి. నీకూ నాకూ చెల్లు."

దాని కింద సన్న అక్షరాలతో, మొండి గ్రూపు నుంచి వెళ్ళిపోయినట్టు కనపడింది.

"ఎంత పని చేశావే" అని టీచరు రాసింది. చినుకులు పడ్డాయి. టైలరమ్మ పళ్ళెం తుడవలేదు.

నాలుగైంది. నాలుగూ పదైంది. మొండికి నాలుగు సార్లు ఫోను చేస్తే నాలుగు సార్లూ ఎత్తలేదు. ఆ గదిలో నీళ్ళు ఉంటే బాగుండునని టైలరమ్మకి ఒక్క క్షణం అనిపించింది. తన మాట నిలబడటానికి స్నేహితురాలి కొంప మునగాలని కోరుకుంటున్నానా అని వెంటనే సిగ్గుపడింది. నీళ్ళు లేకపోతే స్నేహం పోయింది, ఉంటే మనిషి ఎలా ఉందో తెలియదు. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, కాలిన బుగ్గ మీద తడిగుడ్డ పెట్టింది.

నాలుగూ ఇరవైకి ఫోను మోగింది. మొండే.

"వింటున్నావా?"

"ఆఁ."

మొండి అంత మెల్లగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

"రెండు మెట్లు మునిగిపోయాయే. కెటిల్ తేలుతోంది. బోర్డు అడుగున ఎక్కడో ఉంది."

"ఫ్యూజు పోలేదా?"

"మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టాను పోయిన నెల. ఎవరి షాపులోనైనా అలా చూస్తే వాళ్ళని చీల్చి చెండాడేదాన్ని. తలుపు గొళ్ళెం తీసేశానే. మెట్టు మీదకి కాలు పెట్టబోతున్నా. వెనకాల బల్ల మీద పెట్టిన ఫోనులోంచి ఆవిరి లేస్తే, టీవీలు పోతాయని వెనక్కి పరిగెత్తా. నాకోసం కాదు, టీవీల కోసం."

టైలరమ్మ ఏడ్చింది. పక్కన అత్తగారు వింటోందని కూడా చూసుకోకుండా వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏడవకు. తొమ్మిది టీవీలు విప్పి ఆరబెట్టుకోవాలి నేను."

"పొద్దున బస్సుకి వస్తాను. సాయం చేస్తాను."

"వద్దు, నువ్వొస్తే తొమ్మిదీ పద్దెనిమిదవుతాయి." మొండి ముక్కు చీదింది. "లేదు, రా. వచ్చేటప్పుడు నా సైజు చెప్పులు పట్రా."

"తెస్తాను."

"ఇంకో మాట. నీకు ఎప్పుడు భయమేసినా నాకు చెప్పు. నేను తిడతాను. అయినా చెప్పు."