ఉన్ని ఉండలోని గుడ్డు

నా కూతురు గ్లాషా సంచిలో రెండు జతల మేజోళ్లు, చెంచా, ఎండబెట్టిన రొట్టెముక్కలు సర్దాను. ఆ ఏడాది జర్మన్లు లెనిన్‌గ్రాద్‌ను చుట్టుముట్టారు. కట్టెల్లేక, ఆడపిల్లల్ని అడవికి చెట్లు నరకడానికి పంపుతున్నారు.

“ఒక్క చేతికే తొడుగు అల్లావేంటమ్మా?” అంది గ్లాషా.

“ఉన్ని చాల్లేదు.”

“అంతుండ ఒళ్లో పెట్టుకుని చాల్లేదా!”

గుమ్మంలో పక్కగది కపితోలినా నవ్వింది. ఆ ఇంట్లో ఐదు కుటుంబాలం, మా గదికి తాళం లేదు. “మీ అమ్మ దాన్ని శవపేటికలో కూడా పెట్టించుకుంటుంది లేవే! ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. ఇటివ్వు, నేనల్లిస్తా.”

ఉండ మీద కొంగులా ఏప్రన్ కప్పుకున్నాను.

దాని లోపల గుడ్డుంది. కంసాలి పనిలో నా భర్త ఇగ్నాత్ చేసిన బంగారు గుడ్డు. ఈస్టరు పండక్కి గుడ్లు ఇచ్చుకోవడం మా ఆచారం. తేయాకు వ్యాపారి ఒకాయన ఈస్టరుకి భార్యకిద్దామని చేయించుకున్నాడు. బంగారం మీద మీనా అనే నీలి గాజుపూత ఐదుసార్లు, ప్రతి పూతకీ కొలిమిలో పెట్టి తీయాలి. నాలుగోది పగిలితే అంతా గీకేసి మళ్లీ మొదలెట్టాడు. గుడ్డు నడుం చుట్టూ ముత్యాలు. అది పూర్తయ్యేసరికి విప్లవం వచ్చింది, వ్యాపారి కుటుంబంతో సహా పారిపోయాడు. “వాళ్ల వస్తువు వాళ్లకి చేరాలి, ఉల్యానా. నేనొచ్చేదాకా విప్పకు” అని, దాన్ని ఉన్నిలో చుట్టి నా చేతికిచ్చి, వాళ్లని వెతుకుతూ ఇగ్నాత్ ఫిన్లండు వెళ్లాడు. ఆయన సంచీ కూడా నేనే సర్దాను.

కొత్త ప్రభుత్వంలో బంగారం దాచడం నేరం, దొరికితే జైలు. అమ్మలేను, పారెయ్యలేను. ఇల్లు మారితే ఆయనకి మా జాడ తెలీదు.

గ్లాషాకి అడవికి రమ్మని కబురొచ్చాక మూడు రోజులూ పై పొరలు విప్పి అల్లాను. ఒక తొడుగు పూర్తయ్యేసరికి పోగుల మధ్య నీలం కనిపించింది. ఆపేశాను. గ్లాషాకి గుడ్డు సంగతి ఎప్పుడూ చెప్పలేదు. చిన్నప్పట్నుంచీ దాని నోట్లో మాట దాగదు.

ప్రయాణానికి ముందు అందరం ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చోవడం మా ఆచారం. కపితోలినా వెళ్లిపోతే, గ్లాషా చూసినా సరే, అంతా విప్పేసి అల్లుదామనుకున్నాను, బండికి ఇంకా రెండు గంటలుంది. కానీ ఆమె కూడా మర్యాదకి వచ్చి మంచం మీద కూర్చుంది. లేవలేదు. ఏప్రన్ కింద పోగు కొస నా వేళ్లకి దొరికింది. లాగలేదు.

చివరికి గ్లాషాయే లేచింది. “పోనీలేమ్మా, రెండో చెయ్యి జేబులో పెట్టుకుంటా. ఒంటిచేత్తో చెట్లు కూల్చే మొనగత్తెనని చెప్పుకుంటా.”

వ్యాపారి కుటుంబం తిరిగి రాలేదు. ఇగ్నాత్ 1919 మార్చిలో వెళ్లాడు, రాలేదు. గ్లాషా 1941 నవంబరు తొమ్మిదిన వెళ్లింది. రాలేదు.