తాళ్ళ జట్టుకు ఇవాళ ఇష్టం లేదు

మా తాళ్ళక్క కుడిచేతి మూడు వేళ్ళు ఒకరోజు పొద్దున పదీ ఇరవైకి పోయాయి. మేడ మీది ఆఫీసు కిటికీలోంచి నేను నా కళ్ళతోనే చూశాను. పదకొండు కొట్టేసరికి, అవి "సందర్శకురాలి అజాగ్రత్త" వల్ల పోయాయని ఈ చేతులతోనే టైపు చేశాను. ముందు ఆ సంగతి ఒప్పుకుని తర్వాత మిగతాది చెబుతాను. కార్మికులారా, విద్యార్థులారా, మీ ముందు మంచిదాన్ని అనిపించుకోవడానికి నేను రాలేదు. ఆ పని మా మ్యూజియం కమిటీవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నారు.

మాది ఓడల చరిత్ర మ్యూజియం. రెండంతస్తుల భవనం, దాని ముందు రాతిగట్టు, గట్టుకు కట్టేసిన పాత సరుకుల ఓడ. జనం వచ్చేది ఆ ఓడ కోసమే. ఓడను కట్టేయడమంటే పశువును గుంజకు కట్టేసి ఇంటికి పోయినట్టు కాదు. సముద్రం నీరు రోజుకు రెండుసార్లు పెరుగుతుంది, రెండుసార్లు దిగుతుంది. నీరు దిగితే ఓడ కిందికి పోతుంది, తాళ్ళు బిగుస్తాయి, సడలించాలి. నీరు పెరిగితే ఓడ లేస్తుంది, తాళ్ళు వదులవుతాయి, లాగాలి. తొడంత లావు తాళ్ళు అవి. గట్టున పాతిన ఇనుప గుంజలకు చుట్లు మాత్రమే వేస్తారు, ముడి అనేది వెయ్యరు. ముడి వేస్తే బిగిసిన తాడును బ్రహ్మదేవుడు కూడా విప్పలేడు.

ఈ పని చేసేది ఆరుగురు. పెద్ద దిక్కు సరంగు మావయ్య, నలభై ఏళ్ళు ఓడల మీద తిరిగి వచ్చినవాడు. అతని తర్వాత తాళ్ళక్క. తాడు మీద అరచెయ్యి ఆనించి, అది ఇంకెంత బరువు ఆపుతుందో చెప్పగలదు. కానీ కాగితం మీద ఈ ఆరుగురూ కార్మికులు కారు. "సేవాభిలాషులు". అంటే ఇష్టంతో వచ్చేవాళ్ళు, చేతిలో పెట్టేది జీతం కాదు, దారిఖర్చులు. ఛాతీ మీద నీలం బ్యాడ్జీ, నెత్తి మీద ఉచిత టోపీ. పదకొండేళ్ళుగా ఎండనకా వాననకా, నీళ్ళు పెరిగే వేళకీ దిగే వేళకీ సరిగ్గా వీళ్ళకు సేవ చెయ్యాలనే అభిలాష పుట్టుకొస్తోందన్నమాట. ఈ మాట కనిపెట్టినవాడికి మొక్కాలి.

కనిపెట్టింది మా డైరెక్టరు. మేం కెప్టెన్ అంటాం. బంగారు అంచు తెల్లటోపీ పెట్టుకుని ఓడ మీద ఫొటోలు దిగుతాడు. ఒకసారి పడవెక్కి రేవు మలుపుదాకా వెళ్ళి, ఆ టోపీలోనే వాంతి చేసుకున్నాడు. దాన్ని ఉతికి మళ్ళీ పెట్టుకున్నాడు. అంతకంటే అతని గురించి చెప్పడం దండగ.

అక్క వేళ్ళు పోయిన రోజు టీవీవాళ్ళు వచ్చారు. ఓడ గట్టుకు అతుక్కున్నట్టు కనిపించాలన్నాడు కెప్టెన్.

"బిగించండి. ఇంకా. ఇంకా లాగండి."

"నీళ్ళు దిగుతున్నాయి సార్. ఇప్పుడు వదలాలి గానీ లాగకూడదు," అంది తాళ్ళక్క.

"నాకు పాఠాలు చెప్పకు. రెండే రెండు నిమిషాలు."

సముద్రం రెండు నిమిషాలు ఆగలేదు. తాడు ఒక్కసారి జారి బిగిసింది. తాడుకూ గుంజకూ మధ్య అక్క చెయ్యి పడింది. ఆ కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కెప్టెన్ బూటుకు నెత్తురంటకుండా దాటుకుంటూ మేడెక్కి వచ్చి, నా పక్కన నిలబడి రిపోర్టు చెప్పాడు. నేను టైపు కొట్టాను. నోరెత్తలేదు. నాకూ ఇల్లుంది, పిల్లలున్నారు, అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేని మాట.

మూడో రోజుకు అక్క చెయ్యి చీము పట్టింది. మామూలు ఆస్పత్రివాళ్ళు కట్టు కట్టి పంపేశారు. ఆపరేషన్ చేసి మిగిలిన చెయ్యి నిలబెట్టే డాక్టర్లు కార్మికుల ఆస్పత్రిలో ఉన్నారు. అక్కడ కిటికీలోని గుమాస్తా ఒకటే అడిగాడు: "పనిలో తగిలిన దెబ్బేనా? అయితే పని ఇచ్చినవాళ్ళ దగ్గర్నుంచి కాగితం తెండి." ఒక్క వాక్యం, కింద సంతకం, ముద్ర. వారంలోపు రాకపోతే మణికట్టు దాకా తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

సరంగు మావయ్య అక్కను వెంటబెట్టుకుని కెప్టెన్ గదికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఒక్క కాగితం సార్. ఆ టైములో ఇది పనిలో ఉందని. అంతే."

"పనిలో ఎందుకుంటుందయ్యా? ఆవిడ ఉద్యోగి కాదు. ఇష్టంతో వచ్చింది, ఇష్టంతో తాడు పట్టుకుంది. ఇవాళ నీకు కాగితం ఇస్తే రేపు ఆరుగురూ జట్టు కట్టి సమ్మె అంటారు."

"సమ్మె అనే మాట మేం అన్లేదు సార్."

"అనలేరు కూడా. సమ్మె చెయ్యడానికి మీరు ఉద్యోగులు కావాలిగా!" తన తెలివికి తనే మురిసిపోయి నవ్వాడు.

తాళ్ళక్క ఉబ్బిన చేతిని రెండో చేత్తో పట్టుకుని అతని మొహం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ మ్యూజియం పనివాళ్ళందరం పై అంతస్తులో చేరాం. అక్కడ ఒక హాలుంది. పూర్వం నావికులు దొరల మీద తిరగబడి సమ్మె చేసిన కథంతా ఆ హాల్లో బొమ్మలుగా, అద్దాల బీరువాల్లో జెండాలుగా ఉంది. కెప్టెన్ అతిథుల్ని అక్కడికి తీసుకొచ్చి గొంతు వణికించుకుంటూ "ఇది మన పోరాట వారసత్వం" అంటాడు. పోరాడినవాళ్ళు చచ్చిపోయి అద్దాల వెనక ఉంటే అతనికి మహా ఇష్టం.

మొదట లేచింది గైడు మాస్టారు. రిటైరైన బడిపంతులు. ఆయనది నిజమైన సేవ, ఎవరూ కాదనరు.

"సేవకి వెల కట్టకూడదమ్మా. నేనూ నీలం బ్యాడ్జీవాణ్ణే. ఎప్పుడైనా ఏమైనా అడిగానా?"

"మీరు జ్వరం వస్తే రారు మాస్టారూ," అంది తాళ్ళక్క. "మనవరాలి బడి ఫంక్షనుంటే రారు. మీరు రాకపోతే జనం బోర్డులు చదువుకుని పోతారు. నేను రాకపోతే ఓడ పోతుంది. మా అమ్మ పోయిన రోజు కూడా నీళ్ళు దిగే వేళకి వచ్చి తాడు వదిలి, అప్పుడు వెళ్ళా శ్మశానానికి. అది సేవేనా?"

మాస్టారు కూర్చున్నాడు.

"అయితే తిరగబడదాం," అన్నాడు గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు. "సమ్మె!"

"ఉద్యోగులు కానివాళ్ళకి సమ్మె లేదన్నాడుగా," అన్నారెవరో.

సరంగు మావయ్య చుట్ట లేని చేతిని చుట్ట ఉన్నట్టే నోటి దగ్గర పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. "నిజమే. మనకి సమ్మె లేదు. ఇష్టం ఉంది. ఇష్టంతో వస్తున్నామని వాడే అన్నాడు. శనివారం కమిటీ పెద్దలంతా ఓడెక్కుతున్నారు. ఆ రోజు మనకి ఇష్టం పుట్టదు. అంతే. కాళ్ళు విరగ్గొట్టి ఇష్టం పుట్టిస్తాడా?"

హాలంతా గొల్లుమంది. అప్పుడు నేను లేచి, ఆ రిపోర్టు కొట్టింది నేనేనని చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. ఎవరూ తిట్టలేదు. "కొట్టావు సరే. ఇకమీద ఏది కొట్టినా ఒక కాపీ మనకి తియ్యి," అంది తాళ్ళక్క.

శనివారం సాయంత్రం నాలుగింటికి ఓడ మీద మ్యూజియం వార్షికోత్సవం. కమిటీ అధ్యక్షుడు, ఆయన చుట్టూ పూలదండల మనుషులు, పాట పాడటానికి వచ్చిన ముప్పైమంది బడిపిల్లలు, టీ కప్పులు మోసే ఎనిమిదిమంది. తాళ్ళ జట్టు గట్టు మీద సిమెంటు బల్లపై వరసగా కూర్చుంది. బ్యాడ్జీలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

కెప్టెన్ పరుగెత్తుకొచ్చాడు. "తాళ్ళ దగ్గర ఎవరూ లేరేం?"

"ఇవాళ ఇష్టం లేదు సార్," అన్నాడు సరంగు మావయ్య, ఎంతో మర్యాదగా.

"అంటే?"

"అభిలాష పుట్టలేదు. పుడితే చెప్తాం."

"ఒక్క వాక్యం రాసివ్వండి, ఇప్పుడే పుడుతుంది," అంది అక్క.

కెప్టెన్ మొహం కందగడ్డయింది. రాసివ్వలేదు. ఆఫీసు నుంచి ఇద్దరు గుమాస్తాల్ని పిలిచి, ఓడను గట్టుకు అంటుకునేలా బిగించమన్నాడు. ఫైళ్ళకు దారం కట్టే చేతులవి. తాళ్ళు లాగి, గుంజలకు చుట్లు వేసి, ఊడిపోతుందేమోనని పైన రెండేసి పీటముళ్ళు కూడా బిగించారు. ఎంత నీటుగా ఉందో అని కెప్టెన్ మెచ్చుకున్నాడు.

అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. సముద్రాన్ని జయించిన మన పూర్వీకుల గురించి మొదలుపెట్టాడు. నీరు దిగడం కూడా అప్పుడే మొదలైంది.

అరగంటకు తాళ్ళు కిర్రుమన్నాయి. గంటకు ఓడ గట్టువైపు భుజం తాళ్ళకు వేలాడుతూ, సముద్రంవైపు ఒరిగింది. టీ కప్పులు వాటంతటవే బల్లల మీద నడవసాగాయి. తర్వాత బల్లలే నడిచాయి. మెట్లవంతెన గట్టు నుంచి జారి నీళ్ళలో పడింది. సముద్రాన్ని జయించినవాడి మనవడు మైకును వాటేసుకుని "అమ్మో" అన్నాడు. ఆ అమ్మో లౌడ్‌స్పీకర్లో ఊరంతా వినబడింది. గట్టు మీద జనం నవ్వారు. నేనూ నవ్వాను, దాచుకోను.

పిల్లలు ఏడవడంతో మా నవ్వు ఆగింది.

"ఓడ ముందరి తాడు తెగుతుంది," అన్నాడు సరంగు మావయ్య లేచి నిలబడి. "అటు ఎగిరితే వాళ్ళని, ఇటు ఎగిరితే మనల్ని, ఎదురొచ్చినవాణ్ణి రెండుగా కోస్తుంది."

"తెగనీ," అన్నాడు జట్టులో ఒకడు. "అక్క చెయ్యి పోయినప్పుడు ఎవడొచ్చాడు? సంతకం పెడితేనే లేద్దాం. ఇదే సమయం."

కెప్టెన్ గట్టు మీదే ఉన్నాడు. చేతులు జోడించాడు. "చేస్తాను, అన్నీ చేస్తాను, ముందు కాపాడండి." అయినా జేబులో పెన్నును మాత్రం ముట్టుకోలేదు.

అందరూ అక్క వైపు చూశారు. పోయేది ఆమె చెయ్యి. చెప్పాల్సిందీ ఆమే.

"వీడితో బేరం తర్వాత. అక్కడ పిల్లలున్నారు, టీ మోసేవాళ్ళున్నారు. లేవండిరా," అంది తాళ్ళక్క. కెప్టెన్ వైపు తిరిగి, "నీ కోసం కాదు. నువ్వొక్కడివే ఉంటే కూర్చునేదాన్ని," అంది.

కట్టు కట్టిన చెయ్యి ఎత్తి ఆమె కేకలు పెడుతుంటే జట్టు పని చేసింది. పీటముళ్ళు విప్పడం ఎవరి తరమూ కాదు. ప్రతి తాడు పక్కనా ఇంకో తాడు వేసి, పక్క గుంజకు చుట్టి, బరువంతా దాని మీదికి తెచ్చి, అప్పుడు పాతదాన్ని గొడ్డలితో నరకాలి. "తాడుకి ఎదురు నిలబడొద్దు! ముందుది ఒక చుట్టు, వెనకది ఒక చుట్టు. కలిసి! కలిసి వదలండి!" గేటువాడూ తోటమాలీ తుడిచేవాళ్ళూ అందరం తాళ్ళు పట్టాం. గైడు మాస్టారు పంచె ఎగ్గట్టి నా ముందు నిలబడ్డాడు. ఓడ అంగుళం అంగుళంగా నిటారుగా లేచింది. పిల్లల్ని చేతుల మీద దించుకున్నాం. పెద్దమనుషుల్నీ దించాం, తప్పదు కదా.

సోమవారం పొద్దున ఎస్సై వచ్చాడు. అధ్యక్షుడు "అమ్మో" అన్నది ఊరంతా విన్నాక ఎవరో ఒకరు జైలుకు పోవాలి. కెప్టెన్ ఫిర్యాదు చెబుతున్నాడు, నేను కొడుతున్నాను.

"సేవాభిలాషులైన ఈ ఆరుగురూ..." అన్నాడు కెప్టెన్.

"ఆగండి సార్," అన్నాడు ఎస్సై. "ఇష్టంతో వచ్చేవాళ్ళు ఒకరోజు రాలేదంటే అది నేరమెలా అవుతుంది? కేసు నిలబడదు. విధి వదిలేశారని ఉండాలి. విధి ఉండాలంటే ఉద్యోగులై ఉండాలి."

కెప్టెన్ కాసేపు తల గోక్కున్నాడు. పగ గెలిచింది. "రాయమ్మా. మా సంస్థలో పదకొండేళ్ళుగా తాళ్ళ పని చేస్తున్న ఉద్యోగులైన ఈ ఆరుగురూ, విధుల్లో ఉండాల్సిన సమయంలో..."

ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టాను. సంతకం పెట్టాడు. ముద్ర నేనే అందించాను, గట్టిగా గుద్దాడు. పోలీసులకు ఒక కాపీ, ఫైలుకు ఒక కాపీ. సంతకమూ ముద్రా ఉన్న మూడోది నా జాకెట్లో.

కింద వ్యాను దగ్గర జనం మూగి ఉన్నారు. ఆరుగుర్నీ ఎక్కించారు. నేను మెట్ల మీద నిలబడి ఆ కాగితం బిగ్గరగా చదివాను. "ఉద్యోగులైన" అన్న చోట ఆగి, మళ్ళీ చదివాను. సరంగు మావయ్య వ్యానులోంచి పకపకా నవ్వాడు. గైడు మాస్టారు వ్యాను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఈ వ్యాను ముందు కార్మికుల ఆస్పత్రికి పోతుంది. తర్వాతే స్టేషనుకి. లేకపోతే నా మీంచి పోనివ్వండి," అన్నాడు. ఆయన వెనక మేమందరం కూర్చున్నాం. ఎస్సై చాలాసేపు తిట్టి, చివరికి వ్యాను ఆస్పత్రి వైపు తిప్పించాడు.

కిటికీలోని గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇది పోలీసు ఫిర్యాదు కదా?"

"ఉద్యోగి అని ఉందా లేదా?" అన్నాను.

"ఉంది."

"సంతకం? ముద్ర?"

ఆ మధ్యాహ్నమే అక్కను ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. గది బయట ఒక పోలీసు కాపలా. బొటనవేలూ చూపుడువేలూ మణికట్టూ నిలిచాయి. మిగతా ఐదుగురు లాకప్‌లో ఉన్నారు.

మంగళవారం పొద్దున కెప్టెన్ వచ్చేసరికి మ్యూజియం పనివాళ్ళందరం గేటు ముందు కూర్చుని ఉన్నాం. నీలం బ్యాడ్జీలు, జీతగాళ్ళ ఎర్ర బ్యాడ్జీలు, అసలు బ్యాడ్జీలే లేనివాళ్ళు. రేవు నుంచి బరువులు మోసేవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. అతను మమ్మల్ని చూశాడు, గట్టువైపు చూశాడు. నీరు దిగడం మొదలైంది. తాళ్ళు బిగుసుకుంటున్న చప్పుడు గేటుదాకా వినిపిస్తోంది.

"తాళ్ళు ఎవరు చూస్తారు?" అని అరిచాడు.

"మీ ఉద్యోగులు స్టేషన్లో ఉన్నారు సార్," అన్నాను. "పోయి తెచ్చుకోండి."