పొంగని ఆకుపచ్చ రాయి

కొత్త డైరెక్టరుగారు ఆ ఆకుపచ్చ రాయి మీద ఒక యాసిడ్ చుక్క వేసి, వంగి చూశారు. నురగ రాలేదు. ఇంకో చుక్క వేశారు. రాయి ఉలకలేదు, పలకలేదు.

"నికెల్ కార్బొనేట్ అని చీటీ మీద రాసుంది. కార్బొనేట్ అయితే పొంగాలి," అన్నారు, మ్యూజియం హాల్లో ఉన్న పదిమందికీ వినపడేలా. "అసలుది ఎటు పోయిందమ్మా? తాళాలు మీ దగ్గరే కదా ఉండేది?"

రాళ్లమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆమె అసలు పేరు అక్కడ ఎవరికీ గుర్తు లేదు. ఇరవై రెండేళ్లుగా రాళ్ల గది ఆమెదే. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని గానీ తాళం తీయదు. ఇంత అరుదైన రాయి మళ్లీ దొరకదని పాత ప్రొఫెసరుగారు చెప్పి అప్పగించిన రోజు నుంచి, దాని కింద దూది మార్చే పని కూడా ఇంకొకరికి ఇవ్వలేదు.

"సార్, ఈ రాయి చల్లటి యాసిడ్‌కి పొంగదండీ. కాస్త పొడి గీరి, యాసిడ్ వెచ్చబెట్టి..."

"నా చదువు నాకే నేర్పుతారా? సాయంత్రంలోగా అసలు రాయి బల్ల మీద ఉండాలి. లేదంటే పోలీసులకి రాస్తాను."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. పదో తరగతితో ఆగినవాళ్ల మాట చెల్లకపోతే పోనీ. రాయినైనా అడగాల్సిన తీరులో అడగొచ్చుగా? నెమ్మదిగా బదులిచ్చేవాళ్లంతా అబద్ధాలకోర్లని ఏ దేవుడు చెప్పాడు?

చేతులకి గ్లవ్స్ తొడుక్కుని, రాయి అడుగున చిటికెడు పొడి గీరింది. గీరుతుంటే ప్రాణం ఉసూరుమంది. యాసిడ్ గొట్టాన్ని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి, డైరెక్టరుగారిని ల్యాబు గదిలోకి పిలిచి, ఆయన ఎదుటే పొడి వేసింది. సన్నటి బుడగలు బిలబిలా పైకి లేచాయి.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "ఊఁ, అసలుదే. సరే, వెళ్లి పని చూసుకోండి."

"దొంగనన్నది హాల్లో. ఈ మాట గదిలోనాండీ?"

"దొంగ అని నేనెక్కడ అన్నానమ్మా?"

"తాళాలు మీ దగ్గరే కదా అంటే అర్థం తెలియనంత చిన్నపిల్లనా నేను?"

ఆమె తలుపు బార్లా తెరిచి నిలబడింది. ఆయన నీళ్లు నములుతూ హాల్లోకి వచ్చి ఏదో గొణిగారు.

మూలబల్ల గుమాస్తా చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "వినపళ్లేదు సార్. ఇందాక పోలీసులన్నప్పుడు బాగానే వినపడింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. డైరెక్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. "రాయి అసలుదే. పొరపాటు నాది," అన్నారు గట్టిగా.

రాళ్లమ్మ తలూపి గదిలోకి వెళ్లిపోయింది. కోపం మాత్రం దిగలేదు. రాయికి పడిన కొత్త గీతని వేలితో తడిమింది. "ఇరవై రెండేళ్లుగా కాపాడిన మనిషి మాట చాలక దీన్ని గీరించాలా, స్వామీ?" అని పైకే అడిగేసింది.